మలివయసు సంతోషం ఎక్కడి నుంచి వస్తుంది?

వయసు మీదపడే కొద్దీ మనిషికి సంతోషం తగ్గిపోతుందని దాదాపు అందరూ నమ్ముతారు. చూపు మసకబారుతుంది, మోకాళ్లు మొరాయిస్తాయి, తోటివారు ఒక్కొక్కరే వెళ్లిపోతారు, ఇంట్లో మాట చెల్లుబాటు తగ్గుతుంది. ఇన్ని పోగొట్టుకున్నాక మనసు మాత్రం కుంగకుండా ఎలా ఉంటుందన్న ప్రశ్న సహజమే. అయితే కొన్ని దశాబ్దాలుగా మనస్తత్వ శాస్త్రవేత్తలు వృద్ధులను దగ్గరగా గమనించి తేల్చిన సంగతి ఈ నమ్మకానికి ఎదురుగా ఉంది. తీవ్రమైన అనారోగ్యం, దారిద్ర్యం లేనంతవరకు, అరవై దాటినవారిలో ఎక్కువ మంది యువతీయువకులకన్నా తక్కువ కోపంతో, తక్కువ ఆందోళనతో, ఉన్నదానిపట్ల ఎక్కువ తృప్తితో రోజులు గడుపుతున్నారు. ఇందులో వయసు తనంతట తాను తెచ్చిపెట్టే భాగం ఒకటుంది, చుట్టూ ఉన్నవారు నిలబెట్టడమో చెడగొట్టడమో చేసే భాగం మరొకటుంది. మొదటిదాని గురించి పరిశోధనలు చాలానే జరిగాయి. రెండోదాని గురించి మన ఇళ్లలో జరగవలసినంత ఆలోచన జరగలేదు.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లారా కార్‌స్టెన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం చేసిన అధ్యయనం ఈ విషయంలో పునాది వంటిది. పద్దెనిమిది నుంచి తొంభై నాలుగేళ్ల మధ్య వయసున్న 184 మందికి ఒక్కొక్క పేజర్ ఇచ్చారు. వారం రోజులపాటు రోజుకు ఐదుసార్లు, ఎప్పుడు మోగుతుందో ముందే తెలియకుండా అది మోగేది. మోగినప్పుడల్లా ఆ క్షణంలో మనసులో ఏముందో, కోపమా, దిగులా, సంతోషమా, విసుగా, ఎంత గాఢంగా ఉందో రాసివ్వాలి. జీవితం మొత్తం మీద సంతోషంగా ఉన్నారా అని ఒక్కసారి అడిగితే మనుషులు మర్యాద కోసమో అలవాటు కొద్దీ ఏదో ఒకటి చెప్పేస్తారు; వంట చేస్తున్నప్పుడో, బస్సు కోసం నిలబడినప్పుడో అప్పటికప్పుడు అడిగితే అలా చెప్పడం కష్టం. 2000లో వెలువడిన ఫలితాల ప్రకారం వయసు పెరిగే కొద్దీ చేదు భావాలు తరచుగా రావడం తగ్గింది, వచ్చినా అవి తొందరగా సద్దుమణిగాయి. అది ఆ తరం పెరిగిన తీరు వల్లనేమోనన్న అనుమానం తీర్చడానికి ఐదేళ్లకొకసారి, పదేళ్లకొకసారి మళ్లీ వారినే పిలిచి అదే పని చేయించారు. 2011లో ప్రచురించిన ఆ ఫలితాలలో, అవే మనసులు వయసుతోపాటు నెమ్మదించినట్టు కనిపించింది.

ఇలా ఎందుకు జరుగుతుందన్నదానికి కార్‌స్టెన్సన్ ఇచ్చిన వివరణ అంతా కాలం చుట్టూ తిరుగుతుంది. ముందు చాలా కాలం ఉందనుకున్న మనిషి రేపటి కోసం కూడబెడతాడు. కొత్త పరిచయాలు చేసుకుంటాడు, నచ్చని పనినైనా ఎప్పటికో పనికొస్తుందని భరిస్తాడు, అవమానాన్ని దిగమింగుతాడు. మిగిలిన కాలం కొద్దిగానే ఉందని తెలిసినవాడు ఈ రోజు మనసుకు అర్థవంతమైనది ఏదో దానినే ఎంచుకుంటాడు. దీన్ని పరీక్షించడానికి పరిశోధకులు వాడిన ప్రశ్న చాలా మామూలుది: మీకు అరగంట ఖాళీ దొరికింది, దగ్గరి బంధువుతో గడుపుతారా, ఇటీవల చదివిన పుస్తకం రాసిన రచయితతోనా, కొత్తగా పరిచయమై మీ అభిరుచులే ఉన్న మనిషితోనా? పెద్దవారు ఎక్కువగా బంధువునే కోరుకున్నారు, కుర్రవాళ్లు ముగ్గురి మధ్యా చీలిపోయారు. కానీ త్వరలో ఒంటరిగా దూరప్రాంతానికి వెళ్లిపోతున్నట్టు ఊహించుకోమని చెబితే కుర్రవాళ్లు కూడా బంధువు వైపే మొగ్గారు. ఇంకో ఇరవై ఏళ్లు ఆరోగ్యంగా బతికించే కొత్త మందు వచ్చిందని ఊహించుకోమంటే పెద్దవారి ఎంపిక కుర్రవాళ్ల ఎంపికలా మారిపోయింది. హాంకాంగ్ 1997లో చైనా చేతికి వెళ్లబోయే ముందు, ఆ తరువాత 2003లో సార్స్ వ్యాధి భయపెట్టినప్పుడు అక్కడి యువకులలోనూ ఇదే మార్పు కనిపించింది. అంటే మనసు నెమ్మదించడం నరాలు మొద్దుబారడం వల్ల జరుగుతున్నది కాదు. కాలం విలువ తెలిసిన ఏ వయసు మనిషి అయినా అలాగే చేస్తాడు. పెద్దవారికి ఆ విలువ ఎవరూ గుర్తుచేయకుండానే తెలుస్తుంది.

ఈ వివరణ తెలిశాక ఇళ్లలో పెద్దవారి ప్రవర్తన కొంత వేరుగా అర్థమవుతుంది. ఒకప్పుడు మూడు ఊళ్ల అవతల పెళ్లికి కూడా ముందురోజే బయల్దేరిన తల్లి ఇప్పుడు పక్కవీధి గృహప్రవేశానికి కూడా కోడలినే వెళ్లి రమ్మంటుంది. పదిమంది వచ్చే సభకు వెళ్లని తండ్రి, పాత సహోద్యోగి ఒక్కడు వస్తే పొద్దుపోయేదాకా వాకిట్లో కుర్చీ వేసుకుని కదలడు. దీన్ని పిల్లలు నిరాసక్తతగా లెక్కవేసి, నాన్నగారు ముడుచుకుపోతున్నారని కంగారుపడతారు. చాలా సందర్భాలలో అది ముడుచుకుపోవడం కాదు, ఏరుకోవడం. వయసుతోపాటు పరిచయస్తుల సంఖ్య తగ్గినా, గుండెకు దగ్గరైనవారి సంఖ్య అంతగా తగ్గదని, తగ్గేది పైపై పరిచయాలేనని పరిశోధనలు చెబుతున్నాయి. మనిషి తానే వదులుకున్నదానికీ, అందరూ తనను వదిలేసినదానికీ ఉన్న తేడాను మాత్రం గమనించుకోవాలి. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, లోపల మాత్రం ఒకటి తేలిక, ఇంకొకటి భారం. ఎవరు వచ్చినా లేచి కూర్చోని మనిషికీ, తనకు కావలసిన మనిషి గొంతు వినగానే ముఖం వెలిగే మనిషికీ మధ్య తేడాను ఇంట్లోవారు సులభంగానే పట్టుకోగలరు.

జ్ఞాపకం విషయంలోనూ ఇటువంటి ఏరివేత జరుగుతుంది. మంచి దృశ్యాలు, బాధాకరమైన దృశ్యాలు, ఏదీ కాని దృశ్యాలు కలిపి చూపించి, తరువాత ఏవి గుర్తున్నాయని అడిగితే వృద్ధులకు మొత్తం మీద తక్కువ గుర్తున్నా, గుర్తున్నవాటిలో బాధాకరమైనవాటి వాటా యువకుల జ్ఞాపకాలలో కన్నా తక్కువగా తేలింది. అలాగని వారు లోకాన్ని గులాబీ రంగులో చూస్తున్నారని అర్థం చేసుకోకూడదు. పెద్ద వయసులో సంతోషమూ దుఃఖమూ ఒకే క్షణంలో కలిసి రావడం ఎక్కువ అవుతుంది. మనవరాలి పెళ్లిలో తలంబ్రాల వేళ నవ్వుతూనే కళ్లొత్తుకునే అమ్మమ్మ, ఆయన ఉండి ఉంటే అనుకుంటూనే ఆ పిల్లను చూసి మురిసిపోతుంది. ఆ రెంటిలో ఏదీ అబద్ధం కాదు. యౌవనంలో దుఃఖం వస్తే సంతోషాన్ని తుడిచేస్తుంది; చాలా చూసిన మనసుకు రెంటికీ చోటు పెట్టడం అలవాటవుతుంది. మలివయసు ఆనందం మీద రాసే చాలా రాతల్లో ఈ సంగతి కనిపించకపోవడం పెద్ద లోపం. దుఃఖాన్ని పక్కకు తోసేసి ఎప్పుడూ ఉల్లాసంగా ఉండమని పెద్దవారికి చెప్పడం వారికి తెలిసినదానికన్నా తక్కువ తెలిసినవారు చెప్పే సలహా.

ఈ నెమ్మది భద్రమైన జీవితం వల్ల వచ్చిందేనన్న వాదన కూడా ఉంది: ఉద్యోగపు ఒత్తిడి లేదు, పిల్లల చదువుల బెంగ లేదు, కాబట్టి ప్రశాంతంగా ఉన్నారు, అంతే. ఆ వాదనకు 2020లో అనుకోని పరీక్ష ఎదురైంది. కోవిడ్ వచ్చిన తొలి నెలల్లో అందరికన్నా ఎక్కువ ప్రాణభయం ఉన్నది వృద్ధులకే, ఆ సంగతి వారికీ తెలుసు. ఆ ఏప్రిల్‌లో కార్‌స్టెన్సన్ బృందం అమెరికాలో పద్దెనిమిది నుంచి డెబ్బై ఆరేళ్ల వరకు ఉన్న 945 మందిని ప్రశ్నించినప్పుడు, వయసు ఎక్కువున్నవారే మంచి భావాలు ఎక్కువగా, చెడు భావాలు తక్కువగా ఉన్నట్టు చెప్పారు. ముప్పు నుంచి తప్పించుకునే వీలు లేనప్పుడు కూడా ఆ తేడా నిలిచింది.

ఈ తృప్తికి తోడుగా నిలిచే కృతజ్ఞత సంగతి ఇక చూద్దాం. ఒక మేలు తనకు అందిందని గుర్తించడం, అది తన సామర్థ్యం వల్ల మాత్రమే రాలేదని ఒప్పుకోవడం, ఈ రెండూ కలిస్తే కృతజ్ఞత అవుతుంది. రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెకల్లఫ్ అనే పరిశోధకులు 2003లో ప్రచురించిన ప్రయోగాలు ఈ రంగంలో అందరూ ఉదహరించేవి. వాటిలో ఒకదానిలో నరాలు, కండరాలకు సంబంధించిన దీర్ఘవ్యాధులున్న పెద్దలలో కొందరిని 21 రోజులపాటు ఆ రోజు తాము ఋణపడి ఉన్నామనిపించిన విషయాలను రాసుకోమన్నారు. అలా రాసినవారిలో మంచి భావాలు పెరిగాయి, నిద్ర మెరుగైంది, ఆ మార్పును వారి జీవిత భాగస్వాములు సైతం గుర్తించారు. తరువాత వచ్చిన అనేక అధ్యయనాలను కలిపి చూస్తే ఫలితం ఉన్నమాట నిజమే కానీ అది ఓ మోస్తరుదేనని తేలింది. పుస్తకంలో నాలుగు ముక్కలు రాసుకున్నంత మాత్రాన దిగులు వ్యాధి నయం కాదు. అయినా ఆ ప్రయోగం చెప్పే సంగతి ఒకటి విలువైనది: ఒంట్లో నొప్పి అలాగే ఉండగానే, రోజులో నొప్పితోపాటు ఇంకేం జరిగిందో చూడడం మనిషికి సాధ్యమవుతుంది.

తెలుగు నేల మీద ఇలా అందిన మేలును లెక్క చూసుకునే పద్ధతి చాలా పాతది. షష్టిపూర్తి అరవయ్యేళ్లు నిండినప్పుడు ఎందుకు చేస్తారో దాని వెనుక ఖగోళం ఉంది. గురుగ్రహం సుమారు పన్నెండేళ్లకొకసారి, శని సుమారు ముప్ఫై ఏళ్లకొకసారి రాశిచక్రం చుట్టి వస్తాయి. ఆ రెండూ కలిసి బయల్దేరిన చోటికి అరవయ్యేళ్లకు తిరిగి వస్తాయి. ప్రభవ నుంచి అక్షయ దాకా ఉన్న సంవత్సరాల చక్రమూ అంతే కాలంలో పూర్తవుతుంది. 1965 ఉగాదితో మొదలైన విశ్వావసులో పుట్టినవారికి 2025 ఉగాదితో మళ్లీ విశ్వావసు వచ్చింది. పుట్టిన సంవత్సరాన్ని రెండోసారి చూసే అవకాశం దక్కిందని భార్యాభర్తలను పీటల మీద కూర్చోబెట్టి, పిల్లలూ మనవలూ చూస్తుండగా మళ్లీ మాంగల్యధారణ చేయిస్తారు. సహస్ర చంద్ర దర్శనంలో లెక్క ఇంకా అందంగా ఉంటుంది. పున్నమికీ పున్నమికీ మధ్య ఇరవై తొమ్మిదిన్నర రోజులు. వెయ్యి పున్నములు నిండడానికి దాదాపు ఎనభై ఏళ్ల పది నెలలు పడుతుంది. ఒక మనిషి ఎన్ని పదవులు చేశాడు, ఎంత ఆస్తి కూడబెట్టాడన్నది అందులో లెక్కకు రాదు. ఎన్నిసార్లు నిండు చంద్రుడు వచ్చిపోయేదాకా ఈ భూమ్మీద ఉన్నాడన్నదే లెక్క. ఉండడాన్నే ఒక భాగ్యంగా గుర్తించే వేడుక అది. తెలుగు క్రైస్తవ కుటుంబాలలో పెద్దవారి డెబ్బయ్యో ఎనభయ్యో పుట్టినరోజున పెట్టుకునే కృతజ్ఞతా కూటంలో ఆ పెద్దవారే లేచి తమ జీవితంలో దాటివచ్చిన గండాలను ఒక్కొక్కటిగా చెప్పి దేవునికి స్తుతి చెల్లిస్తారు. ఆ పది నిమిషాల సాక్ష్యంలో ఆ ఇంటి పిల్లలు అంతవరకు ఎరగని సంగతులు ఎన్నో బయటపడతాయి.

ఇటీవల ఈ వేడుకలు ఫంక్షన్ హాలుకు, ఫొటోగ్రాఫర్‌కు, క్యాటరింగ్‌కు అప్పగించినవైపోయాయి. ఖర్చు పెట్టడం తప్పేమీ కాదు. అయితే ఆ రోజు మాట్లాడవలసిన మనిషి స్టేజీ మీద దండల బరువుతో కూర్చుని, వరసగా వచ్చేవారితో ఫొటోలు దిగి, ఒక్క మాట చెప్పకుండానే ఇంటికి రావడం తరచుగా జరుగుతోంది.

ఇక్కడే అసలు విషయానికి రావాలి. మన కుటుంబాలలో కృతజ్ఞత అన్నది పెద్దవారి నుంచి ఆశించే వస్తువుగా మారింది. వేళకు ఇంత పెడుతున్నాం, మందులు తెస్తున్నాం, టీవీ పెట్టించాం, ఇంకేం కావాలి అన్న మాటలో ఒక రకమైన బాకీ వసూలు ఉంటుంది. ‘కృష్ణా రామా అనుకుంటూ కూర్చోక నీకెందుకివన్నీ’ అని ప్రేమగానే అంటారు. కానీ దాని అర్థం ఇంట్లో నీ చేతుల మీదుగా జరగవలసింది ఏమీ లేదనే. ఎప్పుడూ పుచ్చుకోవడమే తప్ప ఇవ్వడానికి ఏమీ మిగలని మనిషి పుచ్చుకున్న ప్రతిసారీ కొంచెం చిన్నవాడవుతాడు. అలాంటి మనిషి నోటి నుంచి వచ్చే కృతజ్ఞతలో బిడియం తప్ప ఆనందం ఉండదు. మలివయసులో నిజమైన కృతజ్ఞత పుట్టాలంటే ఆ మనిషి చేతిలో ఇవ్వడానికి కొంత, ఎంచుకోవడానికి కొంత మిగిలి ఉండాలి.

ఈ మాట ఎంత నిజమో ఊళ్లలో పింఛను రోజున తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4000 రూపాయలైంది, ఒకటో తారీఖున సచివాలయ ఉద్యోగులు ఇంటికి తెచ్చి చేతికిస్తారు. తెలంగాణలో 2019లో ఆసరా పింఛనును 1000 నుంచి 2016 రూపాయలకు పెంచారు. ఆ పూట తెల్లారకముందే స్నానం చేసి వాకిట్లో కూర్చున్న ముసలమ్మ, వేలిముద్ర పడకపోతే వేలిని చీరకొంగుకు తుడిచి మళ్లీ పెడుతుంది. నోట్లు చేతికి రాగానే రెండుసార్లు లెక్కపెట్టి, బీపీ మాత్రలకింత, కిరాణా కొట్టు బాకీకింత అని విడదీసి, మిగిలింది బొడ్లో దోపుకున్న సంచిలో పెడుతుంది. సాయంత్రం బడి నుంచి వచ్చిన మనవడికి ఆ సంచిలోంచే ఇరవై రూపాయలు తీసి ఇస్తుంది. ఆ ఇరవై రూపాయలు ఇచ్చినప్పుడు ఆమె ముఖంలో కనిపించే తేజస్సు, కొడుకు తెచ్చిన కొత్త చీర తీసుకున్నప్పుడు కనిపించదు. చీర మీద ఇష్టం లేక కాదు. పింఛను వల్ల ఆమె మళ్లీ ఇచ్చే మనిషి అయింది. వృద్ధాప్య పింఛన్లను ఉచితాలుగా లెక్కవేసి తప్పుపట్టేవారు ఈ ఒక్క సాయంత్రాన్ని దగ్గర నుంచి చూడాలి.

డబ్బుతోపాటు పని కూడా ఇవ్వదగిన సొమ్మే. 1929లో పుట్టిన భౌతికశాస్త్ర ఆచార్యులు చిలుకూరి శాంతమ్మ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1989లో పదవీ విరమణ చేశాక కూడా బోధన మానలేదు. తొంభై దాటిన వయసులో, మోకాళ్లకు శస్త్రచికిత్సలు జరిగి ఊతకర్రలు పట్టుకుని నడుస్తూ, విశాఖపట్నం నుంచి విజయనగరంలోని సెంచూరియన్ విశ్వవిద్యాలయానికి వెళ్లి పాఠాలు చెప్పారు. గుంటూరు జిల్లాకు చెందిన కర్రె మస్తానమ్మకు చదువు లేదు, చిన్న వయసులోనే భర్త పోయాడు, జీవితమంతా రెక్కల కష్టమే. నూరేళ్లు దాటాయని చెప్పుకున్న వయసులో, 2016లో, మునిమనవడు పొలం గట్టున ఆమె వంటను వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టాడు. 2018 డిసెంబరులో కన్నుమూసేనాటికి లక్షలమంది ఆమె వంటను చూస్తున్నారు. నోట్లో పళ్లు లేకపోయినా గోటితో అల్లం గీరి, పొయ్యి ముందు కూర్చుని గలగలా నవ్వే ఆమెలో పోయినవాటి లెక్క కనిపించదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లికి చెందిన గంగవ్వ కూలి బతుకు బతికి, పెద్ద వయసులో మై విలేజ్ షో అనే యూట్యూబ్ చానల్ వీడియోలతో పేరు తెచ్చుకుని సొంతిల్లు కట్టుకున్నారు. అందరూ ఇంత చేయాలని ఈ పేర్లు చెప్పడం లేదు; అలా చెబితే అది వృద్ధుల నెత్తిన పెట్టే ఇంకో బరువు అవుతుంది. ఈ ముగ్గురిలోనూ ఉమ్మడిగా ఉన్నది, తమకు బాగా వచ్చిన పనిని ఎవరో వచ్చి అడిగారన్నది. పాఠం అడిగారు, వంట అడిగారు, ఊరి యాస అడిగారు. ఆవకాయ కారం ఎంత వేయాలో అత్తగారిని అడిగే కోడలు, పొలం హద్దురాయి ఎక్కడుందో తండ్రిని పిలుచుకెళ్లి చూపించమనే కొడుకు చేసేది కూడా ఇదే.

వయసు గురించి మనిషి తనకు తాను చెప్పుకునే మాటకు ఉన్న బలం తక్కువది కాదు. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన బెక్కా లెవీ 2002లో ప్రచురించిన పరిశోధన అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక చిన్న పట్టణంలో యాభై దాటిన 660 మందికి సంబంధించినది. తమ వృద్ధాప్యం పట్ల మంచి అభిప్రాయం ఉన్నవారు, చెడు అభిప్రాయం ఉన్నవారికన్నా సగటున ఏడున్నరేళ్లు ఎక్కువ బతికారు. ఆరోగ్యం, ఆర్థికస్థితి, ఒంటరితనం వంటి తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ సంబంధం నిలిచింది. ఇలాంటి అధ్యయనం కారణాన్ని పూర్తిగా రుజువు చేయలేదు కానీ, తోసిపుచ్చదగినది కాదు. ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది అని అరవై రెండేళ్ల మనిషి రోజూ అనుకుంటే, ఆ మనిషి ఉదయపు నడకకు వెళ్లడు, పంటి నొప్పికి డాక్టర్ దగ్గరికి వెళ్లడు, ఇప్పుడెందుకులే అంటాడు. సినిమాల్లో, టీవీ కార్యక్రమాల్లో ముసలివారిని చూపించే తీరు కూడా ఆ ‘ఇప్పుడెందుకులే’కు ఎరువు వేస్తోంది.

శరీరానికీ మనసుకూ మధ్య నిలబడే మూడోది బంధం. 1938లో హార్వర్డ్‌లో మొదలై 724 మంది పురుషుల జీవితాలను దశాబ్దాలుగా వెంబడించిన అధ్యయనంలో, యాభై ఏళ్ల వయసులో తమ బంధాలలో తృప్తి ఉన్నవారే ఎనభైలో ఆరోగ్యంగా ఉన్నారని తేలింది. దానిలో ఇంకో చిన్న విషయం ఇంతకన్నా ముఖ్యం అనిపిస్తుంది. ఎనభైలలో ఉన్న దంపతులను రోజువారీగా గమనిస్తే, పరస్పరం సంతృప్తిగా ఉన్నవారికి ఒంటి నొప్పులు ఎక్కువైన రోజున కూడా మనసులోని సంతోషం తగ్గలేదు. సరిపడనివారికి ఒంటి నొప్పి మనసులోకి కూడా పాకింది. జీవిత భాగస్వామి పోయినవారి సంగతి ఏమిటన్న ప్రశ్న ఇక్కడ తప్పదు, ముఖ్యంగా మన సమాజంలో భర్తల కన్నా భార్యలే ఎక్కువగా ఒంటరిగా మిగులుతారు కనుక. వారి విషయంలో అక్కాచెల్లెళ్లు, వదినలు, వీధిలో వయసు సరిపోయిన ఒకరిద్దరు ఆ స్థానాన్ని చాలావరకు నింపుతారు. సాయంత్రం అరుగు మీద పూలు కట్టుకుంటూ గడిపే గంటను పొద్దుపోని వ్యవహారంగా తీసిపారేయకూడదు. తల్లిని ఊరి నుంచి తెచ్చి పదో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో పెట్టుకునే కొడుకు, ఆమె నుంచి తీసేసుకుంటున్నది ఆ గంటనే. అమెరికాలో ఆరు నెలలు పిల్లల దగ్గర ఉండి వచ్చిన తల్లిదండ్రులలో చాలామంది, మనవల ముద్దుమాటల గురించి ఎంత సంబరంగా చెబుతారో, పగలంతా మాట్లాడే మనిషి లేడని కూడా అంతే నిజంగా చెబుతారు.

సంతోషానికి అడ్డుపడే కారణాలలో కొన్ని చాలా మామూలువి, తీర్చదగినవి. చెవుడు వీటిలో మొదటిది. వినపడని మనిషి పక్కన కూర్చున్నవారు రెండుసార్లు చెప్పి మూడోసారి ‘ఏం లేదులే’ అంటారు. ఆ ‘ఏం లేదులే’ రోజుకు పదిసార్లు విన్న మనిషి క్రమంగా అడగడం మానేస్తాడు, ఇంట్లోవారు దాన్ని వైరాగ్యమనుకుంటారు. శుక్లాలతో చూపు తగ్గినవారు పేపరు చదవడం, తరువాత సూదిలో దారం ఎక్కించడం, ఆ తరువాత గడప దాటడం మానేస్తారు. వినికిడి యంత్రం, శుక్లాల ఆపరేషన్, రాత్రిపూట బాత్రూం దారిలో ఒక లైటు, గోడకు పట్టుకోవడానికి ఒక కడ్డీ, ఇవి వేదాంత గ్రంథాలన్నిటికన్నా ముందు అందవలసినవి. వీటి అవసరం పడేవారు పెరుగుతూనే ఉంటారు: 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో అరవై దాటినవారు దాదాపు 10.4 కోట్లు, 2036 నాటికి ఆ సంఖ్య 20 కోట్లు దాటుతుందని ప్రభుత్వ అంచనా. పిల్లలను తక్కువగా కనే దక్షిణాది రాష్ట్రాలలో ఈ మార్పు ముందే వస్తుంది.

మందుతో నయం కావలసిన దిగులును వయసుకు అంటగట్టడం అన్నిటికన్నా ప్రమాదకరం. 2017–18లో జరిగిన భారత వృద్ధాప్య అధ్యయనం మొదటి విడతలో, ప్రశ్నావళి ఆధారంగా పరిశీలిస్తే అరవై దాటినవారిలో 8.3 శాతం మందికి డిప్రెషన్ ఉన్నట్టు తేలింది. తమకు ఆ జబ్బు ఉందని వైద్యులు చెప్పినట్టు తెలిపినవారు మాత్రం 0.8 శాతమే. అంటే పదిమందిలో తొమ్మిదిమంది దిగులు ఎవరి లెక్కలోకీ రాలేదు. అందుకు కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. ముసలితనంలో ఎవరైనా ఇలాగే ఉంటారులే అన్న మాట చాలు.

వృద్ధులలో డిప్రెషన్‌ను పసిగట్టడానికి వైద్యులు ప్రపంచమంతటా వాడే పదిహేను ప్రశ్నల చిన్న పట్టిక ఒకటుంది. ఇందులో ఐదు ప్రశ్నలు జబ్బును నేరుగా అడగవు. మీ జీవితంతో మీరు మొత్తం మీద తృప్తిగా ఉన్నారా, ఎక్కువ సమయం మీ మనసు ఉత్సాహంగా ఉంటోందా, చాలావరకు సంతోషంగా అనిపిస్తోందా, ఇప్పుడు ఇలా బతికి ఉండడం ఎంతో బాగుందనిపిస్తోందా, ఒంట్లో హుషారు ఉన్నట్టుందా అని అడుగుతాయి. వీటికి లేదని జవాబు వస్తే ఒక్కొక్క మార్కు జబ్బు వైపు పడుతుంది. ఎనభై ఏళ్ల మనిషికి బతికి ఉండడం బాగుందనిపించకపోతే వైద్యశాస్త్రం దాన్ని వయసు ఖాతాలో వేయకుండా, కారణం వెతకవలసిన లక్షణంగా చూస్తోంది. ఆ పట్టిక సరిగా పనిచేయాలంటే ఒక్క జాగ్రత్త అవసరం. మన ఆసుపత్రులలో డాక్టర్ తల్లిని అడిగిన ప్రశ్నకు పక్కనున్న కొడుకో కూతురో జవాబు చెబుతారు. బాగానే తింటుందండీ, బాగానే నిద్రపోతుందండీ అంటారు, ఆవిడ తల ఊపుతుంది. ఆ ఐదు ప్రశ్నలు అడిగే కాసేపు పిల్లలు గది బయట ఉండి, జవాబును ఆవిడనే చెప్పనివ్వాలి.